నడక తడబడుతున్న అమ్మకు తాయ్‌ చీ నేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. రెండేళ్లుగా నడక బాగా నెమ్మదించింది. రెండు మోకాళ్లలోనూ అరుగుదల ఉందన్నారు. రక్తపోటుకు మందులు వాడుతోంది. గత ఏడాది రెండుసార్లు పడింది. ఎముకలేవీ విరగలేదు గానీ, అప్పటి నుంచి ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడుస్తోంది, బయటికి రావడం దాదాపు మానేసింది. చేతికర్ర కొనిస్తే ముట్టుకోదు. పెద్దవాళ్లకు తూలు తగ్గడానికి నెమ్మదైన కదలికలుండే చైనా వ్యాయామం తాయ్‌ చీ మంచిదని చదివాను. మాకు అందుబాటులో ఉన్న చోట కూర్చుని చేసే తరగతి, నిలబడి చేసే తరగతి వేర్వేరుగా ఉన్నాయి. సరిగా నిలబడలేని మనిషి చేత ఒంటికాలి మీద బరువు మోపే కదలికలు చేయించడం ప్రమాదమేమోనని భయంగా ఉంది. కూర్చుని చేసేది చాలదా? అసలు రోజూ కాసేపు నడిపిస్తే సరిపోదా?

సమాధానం: మీ అమ్మగారికి తాయ్‌ చీ నేర్పించవచ్చు, నేర్పించమనే నా సలహా. నిలబడి చేసే తరగతిలోనే చేర్పించండి, అయితే చేయి చాపితే అందేంత దూరంలో కదలని ఆసరా ఒకటి ఎప్పుడూ ఉండేలా చూడండి. అంతకన్నా ముందు ఆమె ఆ రెండుసార్లు ఎందుకు పడ్డారో తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పడినప్పుడు ఏం చేస్తున్నారు, అది ఏ వేళ, పడబోయే ముందు కళ్లు తిరిగాయా, చీకట్లు కమ్మాయా, మోకాలు ఒక్కసారిగా వదిలేసినట్టయిందా, లేక కాలు దేనికైనా తగిలిందా అని ఆమెనే నెమ్మదిగా అడగండి. ‘ఏదో జారి పడ్డాను’ అనే జవాబు దగ్గర ఆగిపోవద్దు, ఎందుకంటే క్షణకాలం స్పృహ తప్పినవారు కూడా ఆ సంగతి గుర్తులేక అదే మాట చెబుతుంటారు. రక్తపోటు మందులు వాడుతున్నవారిలో నేను మొదట అనుమానించేది, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడాన్ని. దీన్ని కనిపెట్టడం తేలికే. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ తర్వాత ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే ఆ సంగతి డాక్టరుకు చెప్పి మందుల మోతాదు సరిచూపించుకోవాలి తప్ప, మీ అంతట మీరు మాన్పించకూడదు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే మందులు వాడుతుంటే అదీ చెప్పండి, పెద్దవయసులో తూలుకు అవి తరచుగా కారణమవుతాయి. కళ్లలో శుక్లాలున్నాయేమో, దూరపు చూపుకూ దగ్గరి చూపుకూ ఒకే అద్దంలో రెండు భాగాలున్న కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగుతున్నారేమో చూడండి. అరికాళ్లు తిమ్మిరిగా, దూది మీద నడుస్తున్నట్టుగా ఉంటున్నాయంటే మధుమేహానికీ బి12 విటమిన్ లోపానికీ పరీక్షలు చేయించాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే తాయ్‌ చీ గురించి ఆలోచించే సమయం కాదది. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చేయీ బలహీనపడినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నడక కొద్ది వారాల్లోనే బాగా దెబ్బతిన్నా, చేతివేళ్లు మొద్దుబారి బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడక తడబాటుతో పాటు మూత్రం ఆపుకోలేకపోతున్నా, అడుగు నేలకు అతుక్కుపోయినట్టు ముందుకు పడకపోయినా ఆలస్యం చేయకుండా నరాల వైద్యులకు చూపించాలి. మెడలో వెన్నుపాము నొక్కుకుపోవడం, మెదడులో నీరు చేరడం, పార్కిన్సన్స్ వంటివి ఇలా నడకలోనే మొదట బయటపడుతుంటాయి, వయసు వల్ల వచ్చిన నెమ్మది అనుకుని ఇంట్లోవాళ్లు నెలల తరబడి సరిపెట్టుకుంటారు. అలా గడిచిపోయిన నెలలు తిరిగి రావు కాబట్టే దీన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇవేవీ లేవని తేలితే ఇక మీ అసలు భయం దగ్గరకు వద్దాం. ఒంటికాలి మీద బరువు మోపడం ప్రమాదమేమో అన్నారు. నడిచే ప్రతి మనిషీ, అడుగడుగునా, ఒక కాలు గాలిలో ఉన్నంతసేపూ ఒంటికాలి మీదే ఉంటాడు. మీ అమ్మగారు కూడా మంచం దగ్గర నుంచి తలుపు దాకా వెళ్లే లోపు ఎన్నోసార్లు ఆ పని చేస్తూనే ఉన్నారు, కాకపోతే భయంతో, తొందరగా, ఆ క్షణం ఎంత త్వరగా గడిచిపోతే అంత మంచిదన్నట్టుగా చేస్తున్నారు. తడబడే నడకను కాస్త గమనించి చూస్తే ఇది తెలుస్తుంది. అడుగులు చిన్నవైపోతాయి, రెండు పాదాలూ కలిసి నేల మీద ఉండే సమయం పెరుగుతుంది, కాలు సరిగా పైకి లేవక పాదం నేలను రాసుకుంటూ పోతుంది, చూపు ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఇవన్నీ పడకుండా ఉండడానికి శరీరం తనంతట తాను చేసుకున్న సర్దుబాట్లే గానీ, ఇలా నడిచేకొద్దీ ఒంటికాలి మీద నిలబడే శక్తి ఇంకా తగ్గిపోతుంది. అలా అసలే పట్టు తగ్గిన కాలు ఒకరోజు దేనికైనా తట్టుకుంటే నిలదొక్కుకోవడం సాధ్యం కాదు.

మనం నిటారుగా నిలబడగలగడానికి మూడు చోట్ల నుంచి మెదడుకు కబురు అందుతుండాలి: కళ్ల నుంచి, లోపలి చెవి నుంచి, పాదాల్లోనూ చీలమండల్లోనూ ఉన్న స్పర్శ నుంచి. వయసుతో ఈ మూడూ కొద్దికొద్దిగా మందగిస్తాయి. దానికి తోడు చీలమండ చుట్టూ, తుంటి పక్కన ఉండే కండరాలు పలచబడతాయి, ఒళ్లు ఒరుగుతోందని తెలిసిన తర్వాత కాలు కదలడానికి పట్టే సమయం పెరుగుతుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారిలో నొప్పి భయంతో తొడ కండరం పూర్తిగా బిగుసుకోదు కాబట్టి మోకాలు వదిలేసినట్టవుతుంది. వీటన్నిటినీ ఒకేసారి, కుదుపు లేకుండా పనిలో పెట్టగల సాధన కావాలి. తాయ్‌ చీ అలాంటిదని నేను నమ్ముతాను.

ఇది చైనాలో పుట్టిన యుద్ధవిద్య. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే ఊళ్లో 17వ శతాబ్దంలో రూపుదిద్దుకుందని చెబుతారు. 2020లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. యుద్ధవిద్య అనగానే బెదరనక్కర్లేదు, మనకు కావలసింది అందులో అడుగు వేసే పద్ధతి. ఆ విద్యలో బరువున్న కాలిని నిండు కాలు అనీ, బరువు లేని కాలిని ఖాళీ కాలు అనీ అంటారు. ముందు కుడికాలి మీదికి బరువంతా మెల్లగా చేరుస్తారు. ఎడమకాలు పూర్తిగా తేలికైందని, దాన్ని ఎత్తినా ఒళ్లు ఊగదని తెలిసిన తర్వాతే ఎత్తి ముందుకు వేస్తారు. మడమ మాత్రం ఆనించి, ఇంకా బరువు మోపకుండా, కింద నేల ఎలా ఉందో పాదంతో తెలుసుకుని, అప్పుడు పాదం పూర్తిగా పరిచి, మోకాలిని కొద్దిగా వంచుతూ బరువును దాని మీదికి తరలిస్తారు. ఈ అడుగును మధ్యలో ఎక్కడ కావాలన్నా ఆపవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. నడుస్తూ పడిపోయేవారికి లేనిది ఆ వెసులుబాటే, బరువు ముందే ముందుకు ఒరిగిపోయి, కాలు దాని వెనక పరుగెత్తాల్సి వస్తుంది. మీ అమ్మగారికి ఈ ఒక్క అడుగు వంటబడితే చాలు, పేర్లున్న భంగిమలన్నీ రాకపోయినా నేను తృప్తి పడతాను.

దీని మీద జరిగిన పరిశోధనల్లో మీ అమ్మగారి స్థితికి బాగా దగ్గరగా ఉన్నది 2018లో అమెరికాలోని ఒరెగాన్ నుంచి వెలువడింది. 70 ఏళ్లు, ఆపైన వయసున్న 670 మందిని తీసుకున్నారు, వారంతా అంతకుముందు ఏడాదిలో పడినవారు గానీ నడక దెబ్బతిన్నవారు గానీ. కొందరికి తూలు తగ్గించడం కోసమే మలచిన తాయ్‌ చీ, కొందరికి బలం, నిలకడ, నడక కలిపిన వ్యాయామాలు, కొందరికి ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే నేర్పారు. వారానికి రెండుసార్లు, గంటసేపు చొప్పున, 24 వారాలు సాగింది. ఆరు నెలల నాటికి తాయ్‌ చీ చేసినవారు సాగదీసే వ్యాయామాలు చేసినవారి కన్నా 58 శాతం తక్కువగా, కలగలుపు వ్యాయామాలు చేసినవారి కన్నా 31 శాతం తక్కువగా పడ్డారు. అందులో నేర్పినవి ఎనిమిది కదలికలే. ఒక్క ప్రయోగంతో పొంగిపోకూడదు కాబట్టి, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష చెప్పిందీ కలిపి చూడాలి. వేర్వేరు ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు తాయ్‌ చీ వల్ల పడటం 19 శాతం దాకా తగ్గవచ్చని అది తేల్చింది, ఆధారాలు ఇంకా గట్టిపడాలని కూడా అంది. ప్రయోజనం ఉందన్న విషయంలో రెండిటికీ తేడా లేదు, ఎంత అన్నది మాత్రం ఎవరికి, ఎలా నేర్పారన్న దాన్ని బట్టి మారుతుంది.

మోకాళ్ల సంగతికి వస్తే, అరుగుదల ఉన్న 204 మందితో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో తాయ్‌ చీ 12 వారాల తర్వాత నొప్పి తగ్గించడంలో ఫిజియోథెరపీతో సమానంగా పనిచేసింది. కాబట్టి మోకాళ్ల నొప్పి ఉందన్న కారణంగా దీన్ని పక్కన పెట్టనక్కర్లేదు. కానీ మోకాలిని పాడుచేసే తీరులోనూ తాయ్‌ చీ చేయవచ్చని మరిచిపోకండి. పాదం మీద బరువు ఉండగానే ఒంటిని పక్కకు తిప్పడం అన్నిటికన్నా చెడ్డది, బరువు తీసేసిన తర్వాతే పాదాన్ని తిప్పాలి. మోకాలు వంగినప్పుడు అది పాదం రెండో వేలి దిశలోనే ఉండాలి, లోపలికి వాలకూడదు, బొటనవేలిని దాటి ముందుకు పోకూడదు. లోతుగా కిందికి దిగడం, ఒక్క ఉదుటున కాలు విసరడం, దూకడం ఉండే చెన్ శైలి ఆమెకు తగదు. నిటారుగా నిలబడి చేసే సున్ శైలి గానీ, పెద్దవాళ్ల కోసం కుదించిన మరేదైనా పాఠం గానీ మేలు. సాధన తర్వాత వచ్చిన మోకాలి నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా, మోకాలు వాచినా, మానేయడానికి బదులు వంచే లోతు తగ్గించండి.

ఇప్పుడు కుర్చీ మాట. కూర్చుని చేసే తాయ్‌ చీ చెడ్డదని నేను అనను. బొత్తిగా నిలబడలేనివారికి, ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవారికి భుజాలు, నడుము కదలడానికీ, ఊపిరి నిదానపడడానికీ అది ఉపయోగపడుతుంది. కానీ కూర్చున్న మనిషి బరువును కుర్చీ మోస్తుంది, చీలమండకు పని ఉండదు, తూలే అవకాశమే ఉండదు కాబట్టి తూలినప్పుడు తమాయించుకోవడం అలవడదు. నిలబడినప్పటి పట్టు నిలబడి చేస్తేనే వస్తుంది, అది కూడా కొద్దిగా కష్టమనిపించే మేరకు చేస్తేనే వస్తుంది. మీ అమ్మగారు గోడ పట్టుకునైనా ఇల్లంతా తిరుగుతున్నారంటే ఆమె స్థాయి కుర్చీని దాటే ఉంది. ఆమెను భద్రంగా ఉంచాలన్న ప్రేమతోనే మీరు కుర్చీ తరగతి వైపు మొగ్గుతున్నారు, అది నాకు అర్థమవుతోంది. కానీ ఆ భద్రత గంటసేపే, తరగతి అయిపోయాక ఆమె నడవాల్సింది మళ్లీ ఆ కాళ్లతోనే.

కష్టానికీ ప్రమాదానికీ మధ్య తేడాను ఆసరాతో సరిచేసుకోవచ్చు. ఇంట్లో ఇలా మొదలుపెట్టండి. గది మూలలో, రెండు గోడలకు వీపు చేసి ఆమెను నిలబెట్టండి, ముందు బరువైన, చక్రాలు లేని కుర్చీని, వీపానుకునే భాగం ఆమె వైపు ఉండేలా పెట్టండి. ఇక వెనక్కి ఒరిగినా గోడే, ముందుకు ఒరిగినా కుర్చీయే. పాదాలు తుంటి వెడల్పున ఉంచి, మోకాళ్లు బిగించకుండా, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని బరువును కుడికాలి మీదికి, మళ్లీ ఎడమకాలి మీదికి తీసుకెళ్లమనండి. ఒక్కో వైపు చేరడానికి నిదానంగా నాలుగు అంకెలు లెక్కపెట్టే సమయం పట్టాలి. తొందరపడితే అది ఊగడం అవుతుంది, పట్టు రాదు. మొదటి రెండు వారాలు ఇంతకు మించి ఏమీ వద్దు. తర్వాత కుర్చీని గట్టిగా పట్టుకునే బదులు అరచేతులు ఆనించడం, ఆపై వేళ్ల కొసలు ఆనించడం, ఆపై ఒక చేయి వదలడం. ఒక మెట్టు ఎక్కడానికి నాలుగు రోజులు పట్టినా నాలుగు వారాలు పట్టినా తేడా ఏమీ లేదు. మొదట్లో ఆమె చేస్తున్నంతసేపూ మీరు పక్కనే, కొంచెం వెనకగా నిలబడండి. చేయి పట్టుకుని లాగవద్దు, తూలితే నడుము దగ్గర ఆపేందుకు సిద్ధంగా ఉంటే చాలు. కాళ్లకు మడమను పట్టి ఉంచే, అడుగు భాగం పలచగా గట్టిగా ఉండే బూట్లు ఉండాలి, వదులు చెప్పులతో గానీ నున్నని నేల మీద మేజోళ్లతో గానీ చేయకూడదు. ఊపిరి బిగబట్టనివ్వకండి, పెద్దవాళ్లు శ్రద్ధ పెట్టినప్పుడు తెలియకుండానే ఆ పని చేస్తారు.

నేర్పేవారి దగ్గర సర్టిఫికెట్లు చూసే కన్నా ఒక తరగతి చూసి రండి. నడక సరిగా లేనివారికి ఎక్కడ చోటిచ్చారు, వారి చేతికి ఆసరా అందుతోందా, ఒకరు వెనకబడితే గురువు ఆగుతున్నారా, కళ్లు మూసుకోమని గానీ వేగంగా వెనక్కి అడుగు వేయమని గానీ అందరితో కలిపి వీరికీ చెబుతున్నారా అన్నవి గమనించండి. ఇదివరకు పడినవారు ఎవరైనా ఉన్నారా అని మొదటి రోజే అడిగే గురువును నేను ఇష్టపడతాను. ఒకరిద్దరికి మించి నడవలేనివారు ఉంటే సహాయకులు కూడా ఉండాలి. వీడియోలు చూసి నేర్చుకోవడం ఆమె విషయంలో వద్దు, తెర వైపు తల తిప్పుకుని అడుగు వేయడంలోనే పట్టు తప్పుతుంది. నేర్చుకున్నది ఇంట్లో గుర్తు చేసుకోవడానికైతే అభ్యంతరం లేదు.

రోజూ నడిపిస్తే సరిపోదా అన్నారు. నడక గుండెకు, ఊపిరికి, మనసుకు మంచిదే, మాన్పించవద్దు. కానీ నడక ఒక్కటే పడటాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారాలు బలంగా లేవు, ఇప్పటికే రెండుసార్లు పడినవారిని కాళ్లలో పట్టు పెరగకుండానే చురుగ్గా నడవమనడం పడే అవకాశాలు పెంచడమే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాలు పెద్దవయసువారు వారానికి కనీసం మూడు రోజులు నిలకడనూ బలాన్నీ పెంచే వ్యాయామాలు చేయాలంటున్నాయి. వారానికి రెండు తరగతులు, మిగతా రోజుల్లో ఇంట్లో పది పదిహేను నిమిషాలు అనుకుంటే ఆ లెక్కకు సరిపోతుంది. దానికి తోడు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు కొన్నిసార్లు చేయిస్తే తొడలకు మంచిది. ఫలితం నెలలో కనిపిస్తుందని చెప్పలేను, మూడు నెలలు ఓపిక పట్టాలి, మానేస్తే వచ్చిన పట్టు మళ్లీ తగ్గిపోతుంది.

చేతికర్ర ముట్టుకోరన్నారు. చాలామందికి అది ముసలితనాన్ని ఒప్పుకోవడంలా అనిపిస్తుంది, ఆ బాధను కొట్టిపారేయకండి. గోడ ఆమె ఎక్కడికి వెళ్లవచ్చో నిర్ణయిస్తోంది, కర్ర ఉంటే ఆమె గోడ లేని చోటికీ వెళ్లగలరు అని చెప్పి చూడండి. చేయి పక్కకు వదిలి నిలబడినప్పుడు మణికట్టు ముడత దగ్గరకు కర్ర పిడి రావాలి. ఏ మోకాలు ఎక్కువ నొప్పిగా ఉంటే దానికి ఎదుటి చేతితో పట్టుకోవాలి. తరగతి దాకా కర్రతో రావడం, అక్కడ కర్ర పక్కన పెట్టి కుర్చీ ఆసరాతో సాధన చేయడం రెండూ కలిసి సాగవచ్చు.

పడతానన్న భయం గురించి ఇంకొక్క మాట. ఆ భయం మాటలతో పోదు, ‘ఏం కాదులే’ అన్నకొద్దీ ఆమె లోలోపల ఇంకా బిగుసుకుపోతారు, బిగుసుకున్న ఒళ్లు తేలిగ్గా తూలుతుంది. పడితే తిరిగి లేవగలనన్న నమ్మకం కలిగితే భయం సగం తగ్గడం నేను చాలామందిలో చూశాను. నేల మీద నుంచి పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ ఆసరాతో లేవడం ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు నేర్పించండి, మోకాళ్ల కింద మెత్తని దిండు వేస్తే నొప్పి అంతగా ఉండదు.

మొదలుపెట్టే ముందు రెండు కొలతలు రాసి పెట్టుకోండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోంది అన్నది ఒకటి, 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి ఒకే గీత మీద నిలబడి పది సెకన్లు ఉండగలరా అన్నది రెండోది, దీన్ని ఆ గది మూలలోనే, మీరు పక్కనుండి చూడండి. మళ్లీ మూడు నెలలకు అవే రెండూ చూసి, అంకెల్లో ఏ మార్పూ లేకపోతే గురువునూ ఫిజియోథెరపిస్టునూ కలిపి అడగండి. ఈలోగా ఆమె మరోసారి పడితే మాత్రం ఆ మూడు నెలలు ఆగకుండా, ఎలా పడ్డారో రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.